వినియోగదారుడికి కులం లేదా?

మన మార్కెటింగ్ పరిశోధనల ప్రశ్నావళులన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. మొదటి పేజీలో వయసు, లింగం, చదువు, వృత్తి, నెలసరి ఆదాయం, కుటుంబ సభ్యుల సంఖ్య. రెండో పేజీ నుంచి ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ మొదలుకొని ‘ఏమాత్రం ఏకీభవించను’ దాకా ఐదు గడుల కొలబద్ద. ఆ కాగితాల్లోంచి రూపుదిద్దుకునే వినియోగదారుడికి వయసు ఉంటుంది, జీతం ఉంటుంది, ఫలానా సబ్బు మీద మక్కువ ఉంటుంది. కులం మాత్రం ఉండదు. పెళ్లి సంబంధం నుంచి ఎన్నికల టికెట్ దాకా కులం ప్రస్తావన లేకుండా అడుగు ముందుకు పడని సమాజం మనది. అటువంటి సమాజంలో ఒక్క దుకాణం గడప దగ్గర మాత్రం మనిషి తన కులాన్ని చెప్పులతో పాటు బయట విడిచి లోపలికి వెళ్తాడని మన పరిశోధన నమ్ముతోంది.

వ్యాపార గణాంకాలు బోధించే అధ్యాపకుడిగా, ఈ రంగంలో సిద్ధాంత గ్రంథాలకు పర్యవేక్షకుడిగా, పరీక్షకుడిగా పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్నాను. కులం విషయంలో ఈ మౌనాన్ని చాలామంది మర్యాద అనుకుంటారు. కొందరు శాస్త్రీయ తటస్థత అంటారు. గణాంకశాస్త్రం దృష్టిలో మాత్రం అది కొలతలో జరుగుతున్న లోపం. ఎవరికి అప్పు పుడుతుంది, ఎవరి వీధికి సరుకు చేరుతుంది, ఎవరి దుకాణంలో జనం కొంటారు, ఎవరికి ఇల్లు అద్దెకు దొరుకుతుంది అన్న నిర్ణయాలు ఇవాళ ఇటువంటి పరిశోధనల ఆధారంగానే జరుగుతున్నాయి. కనుక ఆ లోపం మూల్యం జర్నళ్ల పేజీల్లో ఉండిపోదు. దాన్ని చెల్లించేది కొలతకు అందకుండా పోయిన మనుషులు.

పరిశ్రమ వాడే కొలమానాన్నే ముందు చూద్దాం. మన దేశంలో మార్కెట్ పరిశోధన సంస్థలు 1980ల చివరి నుంచి పట్టణ కుటుంబాలను ప్రధాన సంపాదనపరుడి చదువు, వృత్తి ఆధారంగా తరగతులుగా విభజిస్తూ వచ్చాయి. 2011లో దాని స్థానంలో కొత్త వర్గీకరణ వచ్చింది. అందులో రెండే అంశాలు: ప్రధాన సంపాదనపరుడి చదువు, పదకొండు వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయన్న లెక్క. కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాన్, గ్యాస్ స్టవ్, ద్విచక్ర వాహనం, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, కారు, ఏసీ ఆ జాబితాలో ఉన్నాయి. పదకొండోది వ్యవసాయ భూమి. ఈ రెండు అంశాలతో కుటుంబాలను ఏ1 నుంచి ఈ3 దాకా పన్నెండు మెట్ల మీద నిలబెడతారు. ఏ టీవీ కార్యక్రమానికి ఎంత ప్రకటనల ఆదాయం రావాలో, ఏ బస్తీలో ఏ ధరల సరుకు పెట్టాలో ఈ మెట్లను చూసి నిర్ణయిస్తారు.

తెలుగు పల్లె తెలిసిన ఎవరినైనా అడగండి, ఈ జాబితాలోని వ్యవసాయ భూమి అన్న మాట వెనుక ఏముందో చెబుతారు. భూమి ఎవరి చేతిలో ఉంది, ఎవరు తరతరాలుగా ఆ భూమిలో కూలికి దిగారు అన్నది కులం రాసిన చరిత్ర. ప్రధాన సంపాదనపరుడి చదువు కూడా అంతే. బడి గడప ఏ తరంలో ఎవరికి అందిందన్నది కూడా అదే చరిత్రలో భాగం. అంటే ఈ వర్గీకరణ కులం తాలూకు ఫలితాలను జాగ్రత్తగా లెక్కపెడుతుంది, కారణం పేరు మాత్రం పలకదు. పన్నెండు మెట్లలో అడుగున ఉన్నవాళ్లు ఎవరని అడిగితే ‘ఈ3 కుటుంబాలు’ అని జవాబు వస్తుంది. వాళ్లు అక్కడే ఎందుకున్నారన్న ప్రశ్నకు ఈ పద్ధతిలో జవాబు లేదు. ఆ ప్రశ్న అడిగే వీలు కూడా లేదు.

ప్రభుత్వ గణాంకాలు ఈ విషయంలో కార్పొరేట్ గణాంకాల కన్నా నిజాయితీగా ఉన్నాయి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే వినియోగ వ్యయాన్ని సామాజిక వర్గాల వారీగా నమోదు చేస్తూ వచ్చింది. 1999-2000 నాటి 55వ విడత నుంచి ఇతర వెనుకబడిన తరగతులను కూడా విడిగా గుర్తిస్తోంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే అంకెలు చూడండి. గ్రామాల్లో తలసరి నెలసరి వినియోగం ఎస్టీలకు 3,016 రూపాయలు, ఎస్సీలకు 3,474, ఓబీసీలకు 3,848, మిగిలిన ‘ఇతరుల’కు 4,392. పట్టణాల్లో అదే వరుసలో 5,414, 5,307, 6,177, 7,333 రూపాయలు.

ఈ అంకెల్లో ఒక విషయం ప్రత్యేకంగా గమనించదగ్గది. గ్రామంలో ‘ఇతరులు’ 100 రూపాయలు ఖర్చు చేసే చోట ఎస్సీలు 79 రూపాయలు ఖర్చు చేస్తుంటే, పట్టణంలో 72 రూపాయలే ఖర్చు చేస్తున్నారు. పట్టణం కులాన్ని కరిగించేస్తుందని మనం పాఠాల్లో చెప్పుకుంటున్నాం. వినియోగంలో మాత్రం పల్లె కన్నా పట్టణంలోనే ఎస్సీలకు, ‘ఇతరుల’కు మధ్య అంతరం ఎక్కువగా ఉంది. ఎస్టీల లెక్క దీనికి భిన్నం: గ్రామంలో 69, పట్టణంలో 74. కారణాలు సగటులో కనిపించవు. పట్టణాలకు ఎవరు ఏ పనికి వలస వస్తున్నారు, ‘ఇతరుల’లోని సంపన్నులు ఎంతమంది పట్టణాల్లో ఉన్నారు అన్నవి విడదీసి చూడాలి. సామాజిక వర్గం అన్న ఒక్క గడి ఆ సర్వేలో ఉంది కనుకనే కనీసం ఈ ప్రశ్నలు వేయగలుగుతున్నాం. మన మార్కెటింగ్ సిద్ధాంత గ్రంథాల్లో ఆ గడి లేదు. కనుక ప్రశ్నే పుట్టదు.

ఇక్కడ నా వృత్తి సోదరుల వాదన ఒకటి వినిపిస్తుంది. ‘ఆదాయం, చదువు, వృత్తి లెక్కలోకి తీసుకున్నాక కులం ప్రభావం మిగలదు. రిగ్రెషన్‌లో ఆ గుణకం ప్రాముఖ్యం కోల్పోతుంది. కనుక కులం అవసరం లేదు’ అంటారు. వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది కానీ ఇందులో ఒక మౌలికమైన పొరపాటు ఉంది. ఒక కుటుంబం ఫ్రిజ్ కొన్నదా లేదా అన్నది మనం వివరించాలనుకుందాం. కులం చదువును నిర్ణయించింది, చదువు ఉద్యోగాన్ని, ఉద్యోగం ఆదాయాన్ని, ఆదాయం ఫ్రిజ్‌ను. ఇక్కడ చదువు, ఉద్యోగం, ఆదాయం అనేవి కులం ప్రభావం ప్రవహించే దారులు. వాటన్నిటినీ స్థిరంగా ఉంచి ‘ఇప్పుడు కులం ప్రభావం ఎంత?’ అని అడగడం ఎలాంటిదంటే, చెరువు నుంచి పొలానికి వచ్చే కాలువలన్నిటికీ అడ్డుకట్ట వేసి, పొలం తడవలేదు కనుక చెరువులో నీళ్లు లేవని తేల్చడం లాంటిది.

ఆ విశ్లేషణ పనికిరాదని నేను అనడం లేదు. సమాన ఆదాయం, సమాన చదువు ఉన్న రెండు కుటుంబాల మధ్య కులం వల్ల ఇంకా ఏమైనా తేడా మిగిలిందా అన్నది విలువైన ప్రశ్నే. కులం మొత్తం ప్రభావం ఎంత అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు జవాబుగా చూపడం తప్పు. రెండు అంకెలనూ పక్కపక్కన ఇవ్వాలని, వాటి మధ్య తేడాయే కులం ఏయే దారుల్లో పనిచేస్తోందో చెబుతుందని మన పరిశోధనా పద్ధతుల పాఠంలో ఒక్క గంట చెబితే చాలు. ఆ గంట చాలాచోట్ల దొరకడం లేదు.

పైగా అన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా తేడా మాయం కాని సందర్భాలున్నాయి. మెలనీ ఖమీస్, నిశీథ్ ప్రకాశ్, జహ్రా సిద్దిఖీ అనే ఆర్థికవేత్తలు 2012లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. బట్టలు, నగలు, వాహనాలు వంటి నలుగురికీ కనబడే వస్తువుల మీద మన దేశంలో ఏ సామాజిక వర్గాలు ఎంత ఖర్చు చేస్తున్నాయో వాళ్లు పరిశీలించారు. శాశ్వత ఆదాయం, ఆస్తులు, కుటుంబ నిర్మాణం లెక్కలోకి తీసుకున్నాక కూడా బ్రాహ్మణ, అగ్రకుల కుటుంబాలతో పోలిస్తే ఓబీసీ కుటుంబాలు ఇటువంటి వస్తువుల మీద 8 శాతం ఎక్కువ ఖర్చు చేస్తున్నాయని, ముస్లిం కుటుంబాలు 14 శాతం తక్కువ ఖర్చు చేస్తున్నాయని తేలింది. ఓబీసీ కుటుంబాలు చేసే ఆ అదనపు ఖర్చు చదువు మీద పెట్టాల్సిన దానిలోంచి తరలుతోందని కూడా వాళ్లు గుర్తించారు.

కులం గడి లేని ప్రశ్నావళితో ఇదే విషయాన్ని పరిశీలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ‘దిగువ మధ్యతరగతి వినియోగదారుల్లో ఆడంబర వ్యయం ఎక్కువ’ అన్న ముగింపు వస్తుంది. వెంటనే ‘వాళ్లకు పొదుపు తెలియదు, ఆర్థిక అక్షరాస్యత నేర్పాలి’ అన్న సిఫారసు వస్తుంది. కులం గడి ఉంటే ప్రశ్న మారుతుంది. నలుగురిలో నిలబడటానికి, మనిషిగా గుర్తింపు పొందడానికి కొందరు మంచి చొక్కాకు, మోటారు సైకిలుకు ఎందుకు ఎక్కువ చెల్లించాల్సి వస్తోంది? పుట్టుకతోనే గౌరవం దక్కినవాడికి ఆ ఖర్చు ఎందుకు అవసరం లేదు? వ్యక్తి బలహీనతగా కనిపించినది సమాజం విధించిన పన్నుగా కనిపించడం మొదలవుతుంది.

ఆడంబర వినియోగం అనే భావనకు ప్రాచుర్యం తెచ్చింది థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో రాసిన గ్రంథం. మన పాఠ్యాంశాల్లో ఇప్పటికీ అదే మూలం. డబ్బున్నవాడు తన హోదాను ప్రదర్శించుకుంటాడు, కింది మెట్టువాడు పైవాణ్ని అనుకరిస్తాడు అన్నది దాని సారాంశం. డబ్బుంటే ఎవరైనా ప్రదర్శించుకోవచ్చన్న ఊహ అందులో దాగి ఉంది. ఆ ఊహ మన గడ్డ మీద పనిచేయదని తెలుసుకోవడానికి అంబేడ్కర్ 1936లో ప్రచురించిన ‘కుల నిర్మూలన’ మొదటి పుటలు తిరగేస్తే చాలు. ఇండోర్ ప్రాంతంలో బలాయీలు జరీ అంచు తలపాగాలు, రంగు అంచు పంచెలు కట్టకూడదని, వాళ్ల స్త్రీలు వెండి బంగారు నగలు పెట్టకూడదని పై కులాలవాళ్లు విధించిన ఆంక్షలను ఆయన అక్కడ ఏకరువు పెట్టారు. గుజరాత్‌లో లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నందుకు దళిత స్త్రీల మీద జరిగిన దాడిని, జైపూర్ సంస్థానంలోని చక్వారాలో విందులో నెయ్యి వడ్డించుకున్నందుకు అతిథుల మీద జరిగిన దాడిని పేర్కొన్నారు.

తలపాగా, పంచె, నగ, బిందె, నెయ్యి. అన్నీ సంతలో డబ్బిచ్చి కొనుక్కునే సరుకులే. కొనుక్కోగల స్తోమత ఉన్నవాళ్లనే కొట్టారు. అర్థశాస్త్రంలో రెండు డాక్టరేట్లు పొందిన పండితుడు కుల వ్యవస్థ మీద తన వాదనను వినియోగం మీద ఆంక్షలతో ఎందుకు మొదలుపెట్టాడో మన వాణిజ్య శాస్త్ర విభాగాలు ఎన్నడూ ఆలోచించలేదు. 1927లో మహద్ చెరువు దగ్గర జరిగిన పోరాటం కూడా ఒక దోసెడు నీళ్లు తాగే హక్కు కోసమే కదా. ఇవాళ్టికీ దళిత వరుడు పెళ్లిలో గుర్రమెక్కితే దాడి జరిగిందన్న వార్త ఏదో ఒక రాష్ట్రం నుంచి వస్తూనే ఉంది. వినియోగదారుల ప్రవర్తన నమూనాల్లో ధర అంటే డబ్బే. మన సమాజంలో ఒకే వస్తువుకు కొందరు డబ్బు మాత్రమే చెల్లిస్తారు. మరికొందరు డబ్బుతో పాటు ప్రమాదాన్ని కూడా చెల్లిస్తారు. ఆ రెండో ధర ఏ సమీకరణంలోనూ లేదు.

కొనేవాడి సంగతి ఇలా ఉంటే అమ్మేవాడి సంగతి ఇంకో రకం. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ కలిసి 2006లో వెలువరించిన గ్రామీణ భారత అస్పృశ్యత అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలను పరిశీలించింది. మూడింట ఒక వంతుకు పైగా గ్రామాల్లో దళితులకు దుకాణంలోకి ప్రవేశం లేదని, దాదాపు సగం గ్రామాల్లో వాళ్లు పాల సహకార సంఘాలకు పాలు అమ్మే వీలు లేదని అందులో తేలింది. పాడి గేదెను కొనడానికి ప్రభుత్వం రుణం ఇవ్వవచ్చు. ఆ గేదె పాలు ఊళ్లో ఎవరూ కొనకపోతే ఆ రుణం తీరేదెలా? ‘లబ్ధిదారుల్లో వ్యాపార దక్షత లోపించింది’ అని రాసే నివేదికలు, కొనేవాళ్ల కులాన్ని ఒక్కసారి అడిగి ఉంటే ఆ వాక్యం రాసేవి కావు.

నగరాల్లో ఈ వ్యవహారం మర్యాదైన మాటల్లో నడుస్తుంది. థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో సమాన అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు సంస్థలకు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద థోరట్ బృందం 2015లో వెలువరించిన అధ్యయనం ఇదే వివక్షను ఇళ్ల బజారులో చూపించింది. హైదరాబాద్‌లో, విజయవాడలో ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు చూడనివాళ్లు ఎవరున్నారు? ఇంటిపేరు అడిగాక ‘ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ’ అన్న జవాబు విననివాళ్లు దళిత, ముస్లిం ఉద్యోగుల్లో ఎంతమంది ఉంటారు? నగర కుటుంబ బడ్జెట్‌లో పెద్ద పద్దు అద్దె. ఆ బజారులోనే కొనేవాడి ఎంపికకు కులం హద్దులు గీస్తుంటే, ‘వినియోగదారుడి స్వేచ్ఛాయుత ఎంపిక’ అన్న పాఠాన్ని ఏ ముఖంతో చెప్పాలి?

కులాన్ని లెక్కలోకి తీసుకుని వినియోగాన్ని అధ్యయనం చేయడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. చంద్రభాన్ ప్రసాద్, దేవేశ్ కపూర్, లాంట్ ప్రిచెట్, డి. శ్యామ్‌బాబు 2010లో ప్రచురించిన ఉత్తరప్రదేశ్ అధ్యయనం అందుకు నిదర్శనం. ఆజంగఢ్, బులంద్‌షహర్ జిల్లాల్లో రెండు బ్లాకుల్లోని దళిత కుటుంబాలన్నిటినీ సర్వే చేసి, 1990కీ 2007కీ మధ్య మార్పును నమోదు చేశారు. ప్రశ్నలను రూపొందించింది, సర్వే నడిపింది దళిత సమాజం నుంచి వచ్చినవాళ్లు. అందుకే టూత్‌పేస్టు, షాంపూ వాడకంతో పాటు పెళ్లి విందులో విడిగా కూర్చోబెడుతున్నారా, చనిపోయిన పశువులను మోయాల్సి వస్తోందా అన్న ప్రశ్నలూ అందులో ఉన్నాయి. వస్తువు, గౌరవం ఒకే ప్రశ్నావళిలో పక్కపక్కన నిలిచాయి. పదిహేడేళ్ల నాటి సంగతులను జ్ఞాపకం మీద ఆధారపడి అడగడం, మార్పుకు మార్కెట్ సంస్కరణలే కారణమని చెప్పడం వంటి విషయాల్లో ఆ అధ్యయనంతో విభేదించవచ్చు. నేనూ కొంత విభేదిస్తాను. కానీ ఆ అధ్యయనం ఉన్నది కనుకనే విభేదించడానికి ఒక ఆధారం ఉంది.

మన పరిశోధనల్లో అటువంటి ఆధారం ఎందుకు తయారు కావడం లేదు? మొదటి కారణం నమూనా ఎంపిక. క్రెజ్సీ, మోర్గన్ 1970లో ఇచ్చిన పట్టిక నుంచి తీసుకున్న 384 అన్న అంకె మన సిద్ధాంత గ్రంథాల్లో దాదాపు మంత్రంలా మారింది. ఆ అంకె యాదృచ్ఛిక నమూనాకు వర్తిస్తుంది. మనవాళ్లు 384 మందిని పూర్తి చేసేది తమ కళాశాల ఎంబీఏ విద్యార్థులతో, వాట్సాప్ గ్రూపుల్లోని మిత్రులతో. పల్లెకు వెళ్లినా పరిస్థితి గొప్పగా ఉండదు. ఊరి నడిబొడ్డున బడి దగ్గరో పంచాయతీ కార్యాలయం దగ్గరో మొదలుపెట్టి వరుసగా ఇళ్లు తిరుగుతారు. ఊరి చివర ఉన్న మాలపల్లె, మాదిగవాడ చేరేలోపే కాగితాలు నిండిపోతాయి. అలా వాడ మినహా తయారైన గ్రంథానికి ‘గ్రామీణ వినియోగదారుల ప్రవర్తన’ అని పేరు పెడతారు.

నిజంగా యాదృచ్ఛికంగా ఎంపిక చేసినా 384 చాలదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో జరిపిన కుల సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఆ నిష్పత్తిలో 384 మందిలో ఎస్సీలు 67 మంది, ఎస్టీలు 40 మంది వస్తారు. మొత్తం నమూనాకు లెక్కలో 5 శాతం పాయింట్లు అటూ ఇటూగా ఉండే పొరపాటు, 67 మందికి వచ్చేసరికి 12 పాయింట్లకు, 40 మందికి 15 పాయింట్లకు పెరుగుతుంది. ఎస్సీలంతా ఒక్కటే గడి కాదని 2025లో తెలంగాణ తెచ్చిన వర్గీకరణ చట్టమే మూడు గ్రూపులుగా విడదీసి చెప్పింది. ఆ 67 మందిని మళ్లీ మూడుగా విడదీస్తే ఇక చెప్పడానికి ఏమీ మిగలదు. దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. చిన్న వర్గాల నుంచి వాళ్ల నిష్పత్తి కన్నా ఎక్కువమందిని ఎంపిక చేసి, మొత్తం అంచనా వేసేటప్పుడు తగిన తూకాలు వాడటం పాత పద్ధతే. కావలసింది ఇంకొంత శ్రమ, కొంత డబ్బు, వాడలోకి నడిచే ఓపిక.

రెండో కారణం మన కమిటీలు. ఒక విశ్వవిద్యాలయంలో నా పర్యవేక్షణలోని విద్యార్థిని గృహోపకరణాల వాయిదా కొనుగోళ్ల మీద పరిశోధనా ప్రణాళిక సమర్పించింది. కులం ఆమె ప్రశ్నావళిలో ఒక గడి. కమిటీ సభ్యులు ఆ గడి తీసేయమన్నారు. ‘ఇది సామాజిక శాస్త్రం అంశం, మార్కెటింగ్‌ది కాదు’ అన్నారు ఒకరు. ‘జనం నొచ్చుకుంటారు, జవాబు చెప్పరు’ అన్నారు మరొకరు. ఆదాయం అడిగితే జనం అంతకన్నా ఎక్కువగా నొచ్చుకుంటారని, అయినా ఆ ప్రశ్నను ఎవరూ తీసేయమనరని నేను చెప్పినా ప్రయోజనం లేకపోయింది. అక్కడ కూర్చున్నవాళ్లలో వాడ నుంచి వచ్చినవాళ్లు ఒక్కరు ఉన్నా ఆ చర్చ మరోలా సాగేదని నా నమ్మకం. ఏది ‘మార్కెటింగ్ అంశం’ అన్న నిర్ణయం కమిటీ గదిలో ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్లకు 2019లో చట్టం వచ్చింది. దాని అమలు ఉద్యోగాల పంపకానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, ఏ ప్రశ్న అడగదగినదో తేల్చే అధికారానికి కూడా సంబంధించింది.

ఇక బలమైన అభ్యంతరం ఒకటుంది. కులం సమాచారం కంపెనీల చేతికి చిక్కితే కులాన్ని బట్టి ధర పెడతాయి, కులాన్ని బట్టి అప్పు నిరాకరిస్తాయి కదా? ఈ భయం న్యాయమైనదే. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లులో కులం, తెగ సున్నిత సమాచారం కింద ఉండేవి. 2023లో వచ్చిన చట్టంలో సున్నిత సమాచారం అన్న ప్రత్యేక వర్గమే లేకుండా పోయింది. ఆ రక్షణను తిరిగి తేవాలని అడగాల్సిందే. కానీ కులం గడి లేకపోతే వివక్ష ఉండదనుకోవడం భ్రమ. ఇంటిపేరు, పిన్‌కోడ్, చదివిన పాఠశాల, తండ్రి వృత్తి కలిపితే కులాన్ని పసిగట్టడం యంత్రానికి కష్టం కాదు. ఫోన్‌లో నిమిషాల్లో రుణం మంజూరు చేసే, తిరస్కరించే యాప్‌లు ఏ లెక్కతో ఆ పని చేస్తున్నాయో బయటివాళ్లకు తెలియదు. ఆ లెక్క ఫలితాలు ఏ వర్గం మీద ఎలా పడుతున్నాయో తేల్చాలంటే స్వతంత్ర పరిశోధకుడి దగ్గర కులం సమాచారం ఉండాలి. అమ్మకాల విభాగానికి కులం తెలియకూడదు, తనిఖీ చేసేవాడికి తెలిసి తీరాలి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి విరుద్ధం.

రానున్న జనగణనలో కులాన్ని లెక్కించాలని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. 1931 తర్వాత అన్ని కులాల లెక్క జనగణనలో జరగడం ఇదే మొదటిసారి అవుతుంది. ఆ అంకెలు వచ్చాక ఏ పరిశోధకుడైనా తన నమూనాను వాటితో సరిచూసుకోగలడు. ఆ రోజుకు మన వాణిజ్య, నిర్వహణ శాస్త్ర విభాగాలు సిద్ధంగా ఉండాలి. అందుకు మూడు పనులు మన చేతిలోనే ఉన్నాయి. ప్రజాధనంతో జరిగే ప్రతి వినియోగ పరిశోధనలోనూ సామాజిక వర్గం ప్రశ్న ఉండాలి. జవాబు ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ, పేరు బయటపడదన్న హామీ అడిగినవారికి తప్పక ఇవ్వాలి. నమూనాలో ఏ వర్గం వారు ఎంతమంది ఉన్నారో, ఊళ్లో ఏ ఇంటి నుంచి సర్వే మొదలైందో గ్రంథంలో రాయకపోతే పరీక్షకుడు దాన్ని వెనక్కి పంపాలి. కులం మొత్తం ప్రభావాన్ని, ఆదాయం చదువు మినహాయించాక మిగిలిన ప్రభావాన్ని రెండు వరుసల్లో చూపడం పరిశోధనా పద్ధతుల పాఠ్యాంశంలో చేర్చాలి.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. పాఠ్యప్రణాళికా సంఘాలు తలచుకుంటే వచ్చే విద్యా సంవత్సరానికే అమలు చేయవచ్చు. అప్పుడు గేదె పాలు ఎందుకు అమ్ముడుపోలేదో, ఎస్సీ కుటుంబం పట్టణంలో ఎందుకు 72 రూపాయల దగ్గర ఆగిపోయిందో, ఎవరి రుణ దరఖాస్తు ఎందుకు తిరస్కరణకు గురైందో మన విద్యార్థులు ఊహతో కాకుండా లెక్కతో చెప్పగలుగుతారు. ఆ లెక్క తప్పైతే సరిదిద్దుకోవచ్చు. లెక్కే లేకపోతే సరిదిద్దుకోవడానికి ఏమీ ఉండదు.